‘తెలియదు’ అని రాసిన మా పెద్ద బిడ్డ

మా పెద్ద బిడ్డ ఫోను ఇప్పుడు నా దగ్గర ఉన్నది. వారానికి ఒకటి రెండు సార్లు మోగుతుంది. "మేడం ఉన్నారా?" అని అవతల ఏ పిల్లో అడుగుతుంది. లేదమ్మా, మేడం చనిపోయింది, జ్వరం వచ్చిన నాలుగో నాటికే పోయింది అని చెప్తాను. అవతల ఏడుపు వినిపిస్తుంది. నలభై దినాలు దాటినా ఈ కబురు నేను చెప్తూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో నాకే కొత్తగా చెప్పినట్టు ఉంటుంది.

ఆమె చేవెళ్లలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు మీరంతా కలిసి చిన్న పుస్తకం వేస్తామన్నారు. తల్లిగా నన్ను కూడా నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది ఐదో తరగతి. నేను రాసిందాన్ని మా చిన్న బిడ్డ దిద్దింది. అక్షరాలు దిద్దు, మాట మార్చకు అని చెప్పాను. మేడం గొప్పతనం రాయమని మీరు అడిగారు. గొప్పతనం నాకు తెలియదు. ఇంట్లో ఎట్లా ఉండేదో తెలుసు. ఇంకొకటి కూడా రాయవలసి ఉన్నది. ఆమె ఆఖరి గడియ గురించి మీలో చాలామందికి నేను ఒక మాట చెప్పాను. అది నిజమో కాదో నాకు తెలియడం లేదు. అది తేల్చుకోకుండా ఆమె గురించి ఏం రాసినా తప్పే అనిపిస్తున్నది.

మాది కనకమామిడి. చుట్టూ ఫాంహౌసుల గోడలు లేచాయి, నడుమ మాకు కొంచెం భూమి మిగిలింది. కొత్తిమీర, పాలకూర వేస్తాం. సాయంత్రం పూట నేను వాకిట్లో కూర్చుని కట్టలు కడుతుంటే ఆమె కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చునేది. సంచీలోంచి జిరాక్సు కాగితాల కట్ట తీసేది. పాఠం చెప్తూనే ఆమె యూనివర్సిటీలో పెద్ద చదువు కూడా చదువుతుండేది. ఆ చదువంతా ఒక ఓడల కేసు మీద.

నూరేళ్లు దాటిన కేసు అది. మన తూర్పు సముద్రంలో, మబ్బు పట్టిన ఒక సాయంత్రం, పొగ ఓడ ఒకటి వచ్చి తెరచాప ఓడను గుద్దింది. తెరచాప ఓడ మునిగిపోయింది. అందులోని వాళ్లు చాలామంది పోయారు. తర్వాత దొరలు కూర్చుని విచారణ చేశారు. తెరచాప ఓడ మీద దీపం లేదు, అందుకే మాకు కనబడలేదు అని పొగ ఓడ వాళ్లు చెప్పారు. దీపం ఉండె అని బతికి బయటపడ్డ ఖలాసీలు చెప్పారు. దీపం వెలుగుతుంటే తప్పు పొగ ఓడది. వెలగకపోతే తప్పు మునిగినవాళ్లది. దీపం వెలుగుతున్నదా లేదా? నాలుగేండ్లు మా బిడ్డ ఈ ఒక్క మాట వెనకనే తిరిగింది.

మా ఆడబిడ్డ, అంటే ఆమె మేనత్త, మా ఇంటి పక్కనే ఉంటుంది. పెండ్లి మాట ఎత్తినప్పుడల్లా మా బిడ్డ, "ఆ మునిగిన ఓడ సంగతి తేలనీ అత్తా, అప్పుడు చేసుకుంట," అనేది. "గది తేలేసరికి నీ పండ్లు ఊడుతయ్," అని మేనత్త తిట్టేది.

ఒకనాడు కాగితాల మీద నుంచి తల ఎత్తి నన్ను అడిగింది.

"అవ్వా, పొగ ఓడ, తెరచాప ఓడ ఎదురుపడితె ఎవరు పక్కకు జరగాలె?"

"నాకేమెరుక? గండిపేట చెరువు తప్ప నేను నీళ్లు చూసిన్నా?"

"నీకు తోచింది చెప్పు. తెరచాపకు గాలే దిక్కు, దానిష్టం వచ్చినట్టు తిరగరాదు. పొగ ఓడకు ఇంజను ఉన్నది."

మాకు పొలంలో ఒక పద్ధతి ఉన్నది. సన్నటి ఒడ్డు మీద ఇద్దరు ఎదురుపడితే తల మీద గంప ఉన్నామె దిగదు. ఉత్త చేతులతో వచ్చే ఆమె మడిలో కాలు పెట్టి దారి ఇస్తుంది. ఇది మాకు ఎవరూ నేర్పలేదు.

"గంప లేనామె దిగాలె," అన్నాను. "గంప ఉన్నామె తన దారిన తాను సక్కగ పోవాలె. దయతలిచి ఆమె గూడ పక్కకు జరిగితె ఇద్దరు బురదల పడ్తరు."

ఆమె చప్పట్లు కొట్టింది. "సముద్రం మీద గూడ గదే కానూన్ అవ్వా! నిన్ను జడ్జి కుర్సీల కూసోబెట్టాలె."

"నేను కుర్సీల కూసుంటె ఈ కట్టలు మీ మేనత్త కడ్తదా?"

"నా పేరు ఎందుకు తీస్తున్రే మీరిద్దరు?" అని గోడ అవతల నుంచి ఆమె కేక.

అప్పటి నుంచి సాక్షులందరినీ ఒక్కొక్కరినీ నా ముందు నిలబెట్టడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో చూసుకుని నాకు తెలుగులో చెప్పేది. ఒక్కో సాక్షికి ఒక్కో పేజీ. పేజీ మీద నాలుగు ప్రశ్నలు. మనిషి ఎక్కడ నిలబడ్డాడు? ముఖం ఎటు ఉన్నది? ఆ గడియలో చేతులు ఏం చేస్తున్నాయి? చూసింది మొదట ఎవరికి చెప్పాడు? ఏం చూశాడన్నది ఈ నాలుగు అయినాకనే రాసేది. చేతుల సంగతి ఎందుకే అంటే, "పని చేసెటోని కండ్లు పని మీదనే ఉంటయ్ అవ్వా. వాడు తక్కువ చూస్తడు. ఉత్తగ నిలబడ్డోడు అన్నీ చూసిన అంటడు," అనేది.

పొగ ఓడ కప్తాను మాట విని నేను ఇతనే నిజం చెప్తున్నాడు అన్నాను. ఎక్కడా తడబడలేదు. గాలి ఎటు ఉన్నదో, తాను ఏమని కేక వేశాడో అన్నీ వరుసగా ఉన్నాయి. ఆమె తల ఊపింది. రేవుకు చేరినాక అతను ఎంతమందికి ఈ సంగతి చెప్పాడో నాకు చెప్పింది. ఓడ యజమానికి, వకీలుకు, పేపరు వాళ్లకు, బంధువులకు చెప్పి, ఆ తర్వాత విచారణకు వచ్చాడట.

"బాగ తిప్పిన మాట ఇది. తిప్పి తిప్పి నున్నగైంది. నున్నటి మాటను పట్టుకుంటె జారుతది అవ్వా."

ఇంకొకాయన తెలుగు ఖలాసీ. మన సముద్రం ఒడ్డు మనిషే. తెరచాప ఓడ మీద దీపం ముట్టించే పని అతనిది. నీళ్లలోంచి తీసిన రోజు, నేను దీపం ముట్టించిన అన్నాడు. విచారణలో ప్రమాణం చేయించి అడిగితే, ముట్టించిన, కానీ ఓడ వచ్చి గుద్దే గడియకు వెలుగుతున్నదో లేదో నేను చూడలేదు, మోకు చుడుతున్న అన్నాడు. వీడు మాట మార్చాడు, వీడిని నమ్మేది లేదు అని దొరలు అతని సాక్ష్యం పక్కన పెట్టారు. అతని మాట మీదనే మునిగినవాళ్ల తప్పు ఒప్పు ఆగి ఉన్నది. అది పోయింది.

"మాట యాడ మార్చిండు?" అన్నాను నేను. "రెండు సార్లు నిజమే చెప్పిండు గదా. పొయ్యి మీద పాలు పెట్టి నేను మడిలకు పోత. పొయ్యి మండుతున్నదా అంటె ఆ, మండుతున్నదంట. బిడ్డ మీద ఒట్టు పెట్టుమంటె? జర ఆగు, చూసొస్త అంట."

ఈసారి ఆమె నవ్వలేదు. నా మాటను పేజీ పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నది. చాలాసేపు నా వైపు చూస్తూ కూర్చున్నది. నా కడుపున పుట్టిన పిల్ల నన్ను అట్లా చూడటం అదే మొదటిసారి. చదువుకోలేదని నన్ను ఎవరెవరో ఎన్ని సార్లు పక్కన పెట్టారో నాకే లెక్క లేదు. మా బిడ్డ నా మాట రాసుకున్నది. ఆ రుణం నేను ఎట్లా తీర్చుకోవాలో తెలియదు.

ఇంట్లో ఆమెతో మాట్లాడటం కష్టంగానే ఉండేది. బస్సు రోజూ లేటే అంటే, "నిన్న లేటా? మొన్న?" అని అడిగేది. ఫలానా ఇంట్లో కొట్లాట జరిగిందట అంటే, "చూసినోళ్లు ఎవరు?" అనేది. మీకు కూడా క్లాసులో ఇదే గతి పట్టి ఉంటుంది. అందరూ అంటున్నారు మేడం అని మీరు అన్నప్పుడు ఆమె ఏమని ఉంటుందో నేను ఇక్కడ కూర్చుని చెప్పగలను.

నాలుగేండ్ల ఆఖరుకు ఒక సాయంత్రం కాగితాలన్నీ కట్ట కట్టింది. అయిపోయిందా, దీపం ఉండెనా లేకుండెనా అని అడిగాను.

"తెలియదు అని రాసిన అవ్వా."

"నాలుగేండ్లు సదివి తెలియదా? నేను సదవకుండనే తెల్వదని చెప్తుంటి గదా!"

పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుని, "నీకు తొందరగ వచ్చింది, నాకు నాలుగేండ్లు పట్టింది," అన్నది. తర్వాత నెమ్మదిగా ఒక మాట చెప్పింది. తెలియదు అని ఆ విచారణ చేసిన దొరలే రాసి ఉండవలసింది. రాయలేదు. "సచ్చినోళ్లు లేచి జవాబియ్యరు గదా అవ్వా. అందుకే తప్పంత జరిగి జరిగి వాళ్ల మీదికే పోతది."

ఆ మాటలోని నిజం ఆమె పోయిన మూడో నాడే మా వాకిట్లో చూశాను. జ్వరం ఉన్నా ఆమె రెండు రోజులు కాలేజీకి పోయింది, పరీక్షలు దగ్గరికొచ్చాయని. అది డెంగీ అని ఎవరికి తెలుసు? నేను కూడా గోళీ వేసుకుని పో అన్నదాన్నే. పరామర్శకు వచ్చినవాళ్లు చాపల మీద కూర్చుని, చదువుకున్న పిల్ల, తన ఒళ్లు తాను చూసుకోవద్దా అన్నారు. నేను పో అన్నానన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఇక ఆఖరి గడియ సంగతి. నాలుగో నాడు మధ్యాహ్నం. పట్నం దవాఖానలో ఆమె దగ్గర నేను ఒక్కదాన్నే ఉన్నాను. మా ఇంటాయన కరెంటు వచ్చే వేళకు మోటారు పెట్టి వస్తానని ఊరికి పోయాడు. చిన్న బిడ్డ మందులు తేవడానికి కిందికి పోయింది. అది తిరిగి వచ్చేసరికి అక్క కండ్లు మూసుకునే ఉన్నాయి, నేను అరుస్తున్నాను.

చావు జరిగిన ఇంటికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే. మా ఆడబిడ్డ నన్ను పట్టుకుని ఏడుస్తూ అడిగింది.

"వదినె, ఆఖరుకు ఏమన్న మాట్లాడిందా?"

"కండ్లు తెరిచి నా దిక్కు చూసింది," అన్నాను. అప్పుడు అది నిజమనే చెప్పానా? అట్లనే అనుకుంటున్నాను. తర్వాత వచ్చినవాళ్లకు, చూసి పెదవులు కదిలించింది అన్నాను. మీరు పిల్లలు బస్సులో వచ్చిన నాడు, అవ్వా అన్నది అని చెప్పాను. దినాలు అయ్యేదాకా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడిగేవాళ్లు, చెప్పేదాన్ని నేను. మా ఇంటాయన రెండు రోజులు మెతుకు ముట్టలేదు. ఆ మోటారు కోసం పోకపోతే బిడ్డను చూసేవాణ్ని అని తల కొట్టుకుంటుంటే చూడలేక, "బాపు ఏడి అని అడిగింది," అన్నాను. ఆయన ఏడ్చాడు. ఏడ్చి, నాలుగు ముద్దలు తిన్నాడు.

అది అంతటితో ఆగలేదు. ఇప్పుడు వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లకు ఆయనే చెప్తాడు. బాపు ఏడి, తిన్నడా అని అడిగిందట అంటాడు. తిన్నడా అన్న మాట నేను చెప్పలేదు. ఆయన చెప్తుంటే లోపల నిలబడి వింటాను. వింటుంటే నా బిడ్డ పెదవులు ఆ మాట అంటున్నట్టే నాకు కనబడుతుంది. ఇక్కడికి వచ్చింది నా గతి. నేను కల్పించిన మాట, ఆయన చేర్చిన మాట, నేను చూసింది, అన్నీ ఒక్కటిగా కలిసిపోయాయి. ఏరితే రావడం లేదు.

ఈ రాత మొదలుపెట్టినాక ఆయనకు చెప్పేశాను. గట్ల అనలేదు, నేనే అన్న అని. ఆయన నేల చూస్తూ అన్నాడు, "నాకెరుకే. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు కొంగు మడతపెడ్తవ్."

"మరి అందరికి ఎందుకు చెప్తున్నవ్?"

"చెప్పుకునేందుకు నా దగ్గర ఇంకోటి ఏమున్నది?"

ఆయన మాట ఆయన దగ్గర ఉండనీ. కానీ నా మాట నాకు కావాలి. నా బిడ్డ పోయేటప్పుడు నేను పక్కన ఉన్నానని ఆమెకు తెలుసా? ఇది ఒక్కటి తెలిస్తే చాలు. దీనికి నేను తప్ప వేరే సాక్షి లేదు. ఆ సాక్షిని నేనే తిప్పి తిప్పి నున్నగా చేశాను. మా బిడ్డ చేసినట్టే కాగితం ముందు పెట్టుకుని నన్ను నేను అడిగాను. ఎక్కడ ఉన్నావు? మంచం దగ్గర. ముఖం ఎటు? బిడ్డ వైపే అని రాశాను, రాసి, నిజమేనా అని కొట్టేశాను. చేతులు ఏం చేస్తున్నాయి? ఎంత ఆలోచించినా చేతులు గుర్తుకు రాలేదు. ఒట్టు పెట్టి చెప్పమంటే ఆగుతానేమో అనుకున్నాను. ఒట్టు పెట్టడానికి ఆ బిడ్డ కూడా లేదు.

మొన్న ఒక్కదాన్నే దవాఖానకు పోయాను. అదే వార్డు. మా బిడ్డ ఉన్న కిటికీ పక్క మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. ఆ రోజు వార్డులో పని చేసిన ఆయమ్మ బకెట్ పట్టుకుని ఎదురొచ్చింది. ఆమెకు నేను గుర్తున్నాను.

"టీచరమ్మ తల్లివి గదా పెద్దమ్మా?"

"నా బిడ్డ పోయేటప్పుడు కండ్లు తెరిచిందా అమ్మా? నువ్వు అక్కడనే ఉంటివి."

"నేను చూడలే పెద్దమ్మా. పక్క బెడ్డు ముసలామెకు దుప్పటి మారుస్తున్న. నా ఈపు మీ దిక్కు ఉండె. గిలాస పడ్డ సప్పుడైతె ఇటు మర్లి చూసిన. నువ్వు కింద కూసున్నవ్. గిలాస మంచం కిందికి దొర్లింది. నీళ్లు నేనే తుడిచిన."

"ఏం గిలాస?"

"మీ స్టీలు గిలాసనే."

"నేను నీళ్లు తాగిపిస్తున్ననా, లేకుంటె కుళాయి కాడికెల్లి తెస్తున్ననా?"

"గది నాకెట్ల ఎరుక?"

ఇంకోసారి అడిగాను. తాగిపిస్తున్నవు అని ఆమె ఒక్క మాట అంటే చాలని లోపల బతిమాలుకున్నాను. ఆయమ్మ నా ముఖం చూసింది. "చూడంది చూసిన్నని ఎట్ల చెప్పాలె పెద్దమ్మా? పాపం తగుల్తది," అన్నది. బకెట్ కింద పెట్టి నా చెయ్యి కాసేపు పట్టుకున్నది, పనికి పోయింది. మా బిడ్డ ఉంటే ఈమె పేజీని జాగ్రత్తగా దాచుకునేది.

ఇంతమందికి ఇన్ని సార్లు చెప్పానా, నేను చెప్పిన దాంట్లో ఎక్కడా గ్లాసు లేదు. నాకు గ్లాసు గుర్తే లేదు. తాగిపిస్తుంటే ఆమె మెలకువగా ఉన్నట్టు, నన్ను చూసినట్టు. తెస్తుంటే నా వీపు ఆమె వైపు ఉన్నట్టు. నేను తిరిగి చూసేలోగానే ఆమె పోయినట్టు.

మెహిదీపట్నంలో బస్సు ఎక్కి కూర్చున్నాను. మొయినాబాద్ దగ్గరికి వస్తుంటే ఒకటి గుర్తుకొచ్చింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆ మధ్యాహ్నం బిడ్డను బండిలో తెస్తున్నప్పుడు నా చీర అంచు తడిసి ఉన్నది. మడమకు చల్లగా అంటుకుంటుంటే, ఎందుకు తడిసిందో అని ఒక్క క్షణం అనుకుని మరిచిపోయాను. అవి ఆ గ్లాసు నీళ్లే, కానీ తాగిపిస్తుంటే పడ్డాయో తెస్తుంటే పడ్డాయో తెలియదు. ఈ తోవనే వచ్చాం. కిటికీలోంచి ఎండ నా కాళ్ల మీద పడుతున్నది. మా వాకిట్లో బిడ్డను దించేసరికి అది ఆరిపోయింది.